స్విచ్చు మీద వేలు

ఒప్పుకుంటున్నాను, నాకు దయ్యాలకన్నా ఫోటో ల్యాబులంటేనే భయం. సంగీతకూ అంతే. చనిపోయిన తన అమ్మ ఫోటో ఉన్నది ఇంకా కడగని ఒక్క పాత రీలులోనే. ఎవరి చేతికిచ్చినా పాడుచేస్తారని, సారపాకలో జానీ చాచా స్టూడియోకొచ్చి తనే కడగడానికి కూర్చుంది.

“లైటేసినవంటే మీ అమ్మ ఫోటో ఖతం, బిడ్డా,” అంటూ చాచా డార్క్‌రూమ్ తలుపు మూశాడు.

చిమ్మచీకట్లో రీలు చేయి జారి ఎటో దొర్లిపోయింది. ఆమె నేలంతా తడుముతుంటే, ఎవరో దాన్ని మెల్లగా అరచేతిలో పెట్టారు.

“షుక్రియా చాచా! చీకట్ల గూడ మస్తు కనవడ్తదే నీకు.”

“ఎవలితోని ముచ్చట పెడ్తున్నవే?” చాచా గొంతు తలుపు అవతలి నుంచి వినిపించింది.

సంగీత వేలు స్విచ్చు మీద ఆగింది. పక్కనెవరో ఊపిరి బిగబట్టారు. ఎవరో చూడాలంటే అమ్మ ఫోటో మిగలదు.

మీరైతే నొక్కేవారా? చీకట్లో మీ చేతికెవరు ఏమందించారో రాయండి.