బందీని చంపిందెవరు?

బందీ చచ్చిపోయాడు. ఎవరి వల్ల చచ్చాడో మధ్యాహ్నం భోజనాలలోపు తేలాలని ఏసీపీ వేదవతి హుకుం జారీ చేశారు.

ఇన్‌స్పెక్టర్ ప్రేమ్ కుమార్ నెత్తి పట్టుకున్నాడు. ప్రమోషన్ ఫైలు పైకి వెళ్లి వారమే అయింది. చావాలంటే వీడికి ఇదే దొరికిందా ముహూర్తం?

నిజానికి చావూ లేదు, బతుకూ లేదు. అదంతా మాక్ డ్రిల్. దిల్‌సుఖ్‌నగర్‌లో మూతపడ్డ ఒక బట్టల షోరూములో దొంగ దూరినట్టు, ఒకణ్ణి బందీగా పట్టుకున్నట్టు, పోలీసులు వెళ్లి విడిపించినట్టు. తుపాకులు చప్పుడు చేస్తాయి గానీ గుండ్లు ఉండవు. బయట ఒక అంబులెన్సూ, డాక్టరూ కూడా ఉన్నారు, ఊరికే చూపుకి. దొంగ వేషం కానిస్టేబుల్ జగన్‌ది. లోపలికి దూకే జట్టు ఎస్సై వినయ్‌ది. బందీ వేషం హోంగార్డు కొమరయ్యది.

పొద్దున చేతులు కడుతుంటే కొమరయ్య ఆశగా అడిగాడు. "సార్, నాకు చచ్చే సీనున్నదా?"

"లేదన్నా. నిన్ను కాపాడుతం," అన్నాడు ప్రేమ్ కుమార్.

"గట్లయితె ఏం మజా సార్!"

డ్రిల్‌కి తీర్పరి వేదవతి మేడం. ఎవరు చచ్చినట్టో తేల్చి, వాళ్ల మీద ఎర్ర రిబ్బన్ వేయడం ఆమె పని. రిబ్బన్ పడ్డవాళ్లు మళ్లీ చెప్పేదాకా లేవకూడదు.

వినయ్ జట్టు తలుపు పగలగొట్టి దూకేసరికి దొంగ చేతులెత్తేశాడు. బందీ మాత్రం చీరల అల్మారా పక్కన బోర్లా పడి ఉన్నాడు. మేడం దుమ్ముకి ముక్కు మూసుకుని గుమ్మంలోంచే రిబ్బన్ విసిరారు. గడియారం చూసి పదకొండూ ఇరవై అని రాసుకున్నారు. అంతే, డ్రిల్ ఫెయిల్.

ఎవరి తప్పో తేల్చే పంచాయితీని షోరూముకి ఎదురుగా ఉన్న కోచింగ్ సెంటర్లో పెట్టారు. అక్కడ ఏసీ ఉంది మరి. బోర్డు మీద ఎవరో రైలూ ప్లాట్‌ఫారం లెక్క సగం చేసి వదిలేశారు.

"నువ్వేనా కాల్చింది?" మేడం జగన్ని అడిగారు.

"నేను తుపాకి ముట్టనే లేదు మేడం. పొద్దున ఏడింటికెల్లి గా ఉడుకుల కూసున్నం. ఫ్యాన్ లేదు, నీళ్లు లేవు. ఎప్పుడొచ్చి పట్టుకుంటరా అని నేనే ఎదురుసూసిన."

"అయితే మీవాళ్లేనండీ వినయ్."

"మావోళ్లు మొత్తం పైకప్పుకే కాల్చిన్రు మేడం. కొమరన్న దిక్కు చూడనన్నా చూడలే. అసలు లేట్ చేసిందెవరు? ఇన్‌స్పెక్టర్ సార్ జర ఆగున్రి, జర ఆగున్రి అనుకుంట రెండు గంటలు ఆపిండు."

ప్రేమ్ కుమార్ కుర్చీలోంచి లేచాడు. "నేనేం చేస్త మేడం? ఫొటోగ్రాఫర్ కొత్తపేట ట్రాఫిక్‌ల ఇరుక్కున్నడు, వచ్చేదాక మొదలుపెట్టొద్దని మీరే గద చెప్పిన్రు!"

మేడం దగ్గారు. "నన్ను ఇందులోకి లాగకండి. నేను తీర్పరిని."

నలుగురూ నాలుగు తెల్లకాగితాలు తెప్పించుకున్నారు. బందీ మరణానికీ తమకూ ఏ సంబంధమూ లేదని ఎవరికి వారు రాసి, తేదీ వేసి, సంతకాలు పెట్టారు. ఇంత శ్రద్ధగా ఆ ఏడాది ఒక్క ఎఫ్‌ఐఆర్ కూడా రాసినట్టు లేదు.

ప్రేమ్ కుమార్ గోళ్లు కొరుక్కుంటూ ఆలోచించాడు. దొంగ కాల్చలేదు. పోలీసులు కాల్చలేదు. మరి మనిషెట్లా పడ్డాడు?

ఉన్నట్టుండి వెలిగింది. కొమరయ్యదీ తనదీ బడంగ్‌పేట్‌లో ఒకటే చర్చి. పోయిన క్రిస్మస్ నాటకంలో కొమరయ్యకి, చచ్చాక ఏసు మళ్లీ బతికించే లాజరు వేషం ఇచ్చారు. సమాధిలోంచి బయటికి రమ్మని మూడుసార్లు పిలిచినా రాలేదు. జనం చప్పట్లు కొడుతుంటే ఆ ముచ్చట తీరక అట్లాగే పడుకున్నాడు. చివరికి పాస్టరుగారు తొడపాశం పెడితే లేచాడు.

"మేడం, ఎవ్వరు చంపలే!" బల్ల చరిచాడు ప్రేమ్ కుమార్. "కొమరన్ననే చచ్చిండు. ఆయనకు యాక్టింగ్ పిచ్చి. చచ్చే సీన్ లేదంటే సొంతంగ పెట్టుకున్నడు."

"నిజమే సార్," జగన్ అందుకున్నాడు. "నేను కిటికీల కెల్లి చూస్తుంటే ఎనక ధబ్బుమన్నది. తిరిగి చూస్తే ఈయన పండుకోనున్నడు. గిప్పుడే ఎందుకే అన్నా అంటే పలుకనన్నా పలుకలే."

గదిలో నవ్వులు లేచాయి. మేడం కూడా నవ్వి, అప్పటికప్పుడు రిపోర్టు చెప్పి రాయించారు. 'బందీ మరణానికి బందీయే పూర్తి బాధ్యుడు. పై అధికారుల ఆదేశం లేకుండా తనంతట తానే మరణించాడు.'

నలుగురూ సంతకాలు పెట్టారు.

"కింద అతని సంతకం కూడా ఉంటే ఇక పేచీ ఉండదు," అన్నారు మేడం.

ప్రేమ్ కుమార్‌కి మనసులో కొంచెం గుచ్చుకుంది. పాపం, ముసలాయన. ఇరవై ఏళ్లుగా సెల్యూట్ కొట్టడమే తప్ప ఎదురు చెప్పి ఎరగడు. అయినా హోంగార్డుకి ప్రమోషన్ లేదు, పోయేదీ లేదు. ఆదివారం చర్చిలో కనబడితే సర్దిచెప్పుకోవచ్చు. ఆ కాగితం మీద తన వంతు బిర్యానీ పొట్లం పెట్టి, కానిస్టేబుల్ జాస్మిన్‌ చేతికిచ్చి రోడ్డవతల షోరూముకి పంపాడు.

ఇక్కడ అందరూ పొట్లాలు విప్పుకున్నారు. మేడం పెరుగు పచ్చడి అటు జరపమన్నారు. వినయ్ అప్పుడే ఎముక కొరుకుతున్నాడు.

జాస్మిన్ పరుగెత్తుకుంటూ వచ్చింది. పొట్లం విప్పలేదు. కాగితం మీద సంతకం లేదు.

"ఏమైందమ్మా? అలిగిండా?" నవ్వుతూ అడిగాడు ప్రేమ్ కుమార్.

"అంబులెన్స్ డాక్టరు చూసిండు సార్, కొమరన్న నిజంగనే పోయి రెండు గంటలైందంట."