తొమ్మిది నొక్కండి

"అమ్మా, మీ రామాయణం రాయడం అయ్యాకైనా మాకు దారిస్తారా?"

రాజమండ్రిలో సెల్‌ఫోన్ కంపెనీ కస్టమర్ కేర్ ఆఫీసు. కౌంటర్ దగ్గర కాగితం మీద ఏదో రాస్తున్న ఆవిడ వెనక్కి తిరిగింది. నలభై ఏళ్లుంటాయి.

అడిగింది పల్లంరాజు. రాజోలు దగ్గర రొయ్యల చెరువు. పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చాడు.

"నోటితో చెబితే రెండు నిమిషాల పని కదండి," అన్నాడు.

ఆవిడ కాగితం మడిచింది. పక్కకి జరిగి చోటిచ్చింది.

కౌంటర్లో ఉద్యోగి తలెత్తాడు. "చెప్పండి సార్."

"రోజుకి ఇరవై సార్లు ఒకావిడ ఫోన్ చేసి కాలర్ ట్యూన్ పెట్టుకోమంటోందండి. వేళాపాళా లేదు."

"అది రికార్డింగ్ సార్. మనిషి కాదు."

"అందుకే సిగ్గు లేదు. ఆపండి."

"అది మా చేతిలో లేదు సార్. నచ్చకపోతే కట్ చేసేయండి."

"చేశానండి. కిందటి శుక్రవారం తెల్లవారుజామున ఆవిడే మూడు సార్లు చేసింది. ఆ వెంటనే తెలియని నంబరు నుంచి నాలుగు. అదీ ఆవిడే అనుకుని నాలుగూ కట్ చేశాను."

పల్లంరాజు గొంతు తగ్గింది.

"మా చెరువు కాపలా మనిషండి. కరెంటు పోయింది, జనరేటర్ స్టార్ట్ అవట్లేదని చెప్పడానికి పక్క చెరువు వాళ్ల ఫోన్ అడిగి చేశాడు. నీటికి గాలి పట్టించే చక్రాలు ఆగిపోయి, తెల్లారేసరికి గాలందక రొయ్య మొత్తం పోయింది."

"సారీ సార్. వంద నిమిషాలు ఫ్రీ టాక్‌టైం వేయిస్తాను."

"ఎవరితో మాట్లాడమంటారు? ఆవిడతోనా?"

వెనక లైన్లో నిలబడ్డవాళ్లెవరో నవ్వారు. పల్లంరాజు నవ్వలేదు.

"మీ ఫ్రీలు నాకొద్దు. వద్దన్నవాడికి ఆ ఫోన్ రాకూడదు. అది ఆగేదాకా కేసు నడుపుతాను."

మెట్లు దిగుతుంటే ఇందాకటావిడ అడ్డొచ్చింది. కాగితం చూపించింది.

'కేసు వేయండి. నేనూ వస్తాను.'

"మీరొచ్చి ఏం చేస్తారమ్మా? అది మాట్లాడాల్సిన చోటు," అనేసి దిగిపోయాడు.

ఆరు నెలలకి వినియోగదారుల ఫోరంలో విచారణ మొదలైంది. పల్లంరాజు లాయర్ని పెట్టుకోలేదు. తన గోడు తనే చెప్పుకున్నాడు.

కంపెనీ లాయరు గణేష్‌బాబు లేచాడు.

"కాల్స్ ఎలా ఆపుకోవాలో మా కంపెనీ చెబుతూనే ఉందండి. ఈయనే చివరిదాకా వినలేదు."

సీడీ పెట్టాడు. తీయని ఆడగొంతు పలికింది.

"నమస్కారం. మీ కాలర్ ట్యూన్ కోసం ఒకటి నొక్కండి. వద్దనుకుంటే తొమ్మిది నొక్కండి."

"మీకు ఫోన్ చేసేది ఈ గొంతేనా?" అడిగాడు గణేష్‌బాబు.

"ఈ గొంతేనండి. కానీ తొమ్మిది అని ఎప్పుడూ చెప్పలేదు. చివరిదాకా విన్నాను, ఒకసారి కాదు."

"ఆధారం?"

పల్లంరాజు దగ్గర లేదు.

ఫోరం అధ్యక్షుడు గడియారం చూశారు. "భోజనాలయ్యాక చూద్దాం. ఆధారం లేకపోతే కొట్టేయాల్సొస్తుంది రాజుగారూ."

పల్లంరాజు వరండాలో బెంచీ మీద కూలబడ్డాడు. ఎదురుగా ఆరోజు మెట్ల మీద కాగితం చూపించిన ఆవిడే. కవరు అందించబోయింది.

"మీ కష్టాలు చదివే ఓపిక నాకు లేదమ్మా. చెరువు పోయింది. ఇప్పుడు అబద్ధాలకోరునయ్యాను."

ఆవిడ కవరు అతని ఫైల్లో దోపింది. చేతులు జోడించి వెళ్లిపోయింది.

గణేష్‌బాబు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"కేసు వెనక్కి తీసుకోండి రాజుగారూ. మీ ఒక్క నంబరుకి ఆపించేస్తాను. ఎవరికీ చెప్పకండి."

"అంటే ఆపడం మీ చేతిలో పనేనన్నమాట."

"ఊళ్లో వాళ్ల గొడవ మీకెందుకండి?"

"వాళ్లకీ చెరువులున్నాయండి. ఓడిపోతే ఓడిపోతాను. సంతకం మాత్రం పెట్టను."

మళ్లీ పిలిచారు. ఫైలు తెరవగానే కవరు జారి, కాగితాలు బల్ల మీద పడ్డాయి. పై కాగితానికి కంపెనీ ముద్ర ఉంది.

పల్లంరాజు దాన్ని చూశాడు. కవరుతో సహా అధ్యక్షుడికి అందించాడు.

ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. రికార్డింగ్ రోజు చదివించిన వాక్యాల జాబితా అది. మొత్తం పంతొమ్మిది. ప్రతిదాని పక్కనా టిక్కు. కింద మేనేజరు సంతకం, దాని పక్కనే 'చదివినవారు: వీరవేణి.'

"లాయరుగారూ, 'ఈ పాట వద్దనుకుంటే ఇంకో పాటకి రెండు నొక్కండి' అని ఇందులో ఉంది. 'బ్యాలెన్స్ కోసం తొమ్మిది నొక్కండి' అనీ ఉంది. మీరు వినిపించిన వాక్యం మాత్రం లేదు."

గణేష్‌బాబు తన ఫైలు తిరగేశాడు.

"రెండు ముక్కలూ కత్తిరించి అతికించారా?"

గణేష్‌బాబు ఫైలు మూసేశాడు.

"అసలు రికార్డింగ్ వచ్చే వాయిదాకి తెండి. అప్పటిదాకా ఈ కాల్స్ ఎవరికీ వెళ్లకూడదు." అధ్యక్షుడు పల్లంరాజు వైపు తిరిగారు. "ఇది మీకెవరిచ్చారు?"

"ఎవరో ఒకావిడండి. మాట్లాడరు. అన్నీ కాగితం మీద రాస్తారు. ఇక్కడే ఉంటారు, పిలుస్తానుండండి."

వరండాలోకి పరిగెత్తాడు. బెంచీ ఖాళీ. మెట్ల మీదా, గేటు దగ్గరా ఎవరూ లేరు.

తిరిగొచ్చేసరికి అధ్యక్షుడు కవరులోని చివరి కాగితం చదువుతున్నారు. పూర్తి చేసి అతని చేతికిచ్చారు.

'అయ్యా, ఆ రికార్డింగ్ అయిన మూడు నెలలకి క్యాన్సర్ ఆపరేషన్‌లో నా స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు నా గొంతు ఆ ఫోన్లలో తప్ప ఇంకెక్కడా లేదు, అయినా సరే ఆపించండి.'