కంకర చప్పుడు

“కంకర తియ్యకు నాయనా,” అంటూ ముసలావిడ పారకు అడ్డం నిలబడింది. గేటు నుంచి గుమ్మం దాకా కారు దారి మొత్తం సిమెంటు పొయ్యమని పురమాయించి వెళ్లింది ఆవిడ కొడుకే.

“కంకరైతే ఏటేటా గడ్డి పీకాలి, కొత్తది పరవాలి పెద్దమ్మా,” అన్నాడు మేస్త్రి. “సిమెంటు పోస్తే కారు చడీచప్పుడు లేకుండా గుమ్మంలోకొస్తుంది.”

“అందుకే వద్దంటున్నా.”

ముసలి చాదస్తం అనుకున్నాడు మేస్త్రి. ఇంతలో గేటు దగ్గర కంకర కరకరలాడింది. ముసలావిడ చేతికర్రతో కిటికీని రెండుసార్లు కొట్టింది. లోపల పెరటి తలుపు గడియ కదిలింది. చెంప కమిలిన కోడలు, కాళ్లకు చెప్పులైనా లేకుండా, పక్కింట్లోకి పరిగెత్తింది.

మేస్త్రి పార కింద పెట్టేశాడు.

“నా కన్నకొడుకే. అడ్డం పడదామంటే ఒంట్లో సత్తువ లేదు,” అంది ముసలావిడ. “చెవులే మిగిలాయి.”

కొడుకు కారు దిగాడు. “ఇంకా మొదలెట్టలేదేం?”

“అడుగున నేల మెత్తగా ఉంది సార్. సిమెంటు బీటలిస్తుంది. కంకరే మేలు,” అని నోటికొచ్చిన అబద్ధం ఆడాడు మేస్త్రి.

కొడుకు తల్లి చేతికర్ర వంక, పక్కనున్న కిటికీ వంక చూశాడు. “పోనీ, మనిషి నడవడానికి అంచున సన్నటి సిమెంటు బాట వెయ్యి. కారు వీధిలోనే వదిలేస్తాను.”

ఇరవై ఏళ్లుగా గోళ్లలోంచి సిమెంటు వదలని మేస్త్రి పార భుజానేసుకున్నాడు. “సిమెంటు పని నాకు రాదు సార్.”

“వచ్చినవాణ్ణే పిలుస్తాలే,” అన్నాడు కొడుకు. కంకర మీంచి దిగి, పక్కనున్న గడ్డి మీదుగా, చప్పుడు లేకుండా పెరటి వైపు నడిచాడు.