వైరు మార్చే పని

మా ఫ్యాక్టరీలో ముగ్గురు ఒకచోట చేరి మాట్లాడితే ఓనరుకి ఒళ్లు మంట. పొగ లాగే ఫ్యాను చెడిపోయి, టంకం పొగకి మా గొంతులు మండుతుంటే మాత్రం ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఫ్యాను బాగుచేసేదాకా పని ఆపేద్దామా అని మాలో మేం అనుకోడానికి కూడా చోటు లేదు.

ఇవాళ ఆయనే చోటిచ్చాడు.

మేం తయారుచేసిన రెండు హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్లలో ఏది మార్కెట్లోకి వదలాలో తేల్చడానికి మా హాల్లోనే కుర్చీ వేయించుకున్నాడు. ఇంతింత హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్లు మూసుకున్నాడు. వైరు మార్చే పని నాది.

సౌండు కాస్త పెంచి, టంకం వేసే పిన్నికి సైగ చేశాను. ఆవిడ లేచి అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

"మళ్లీ మొదటిది పెట్రా," అన్నాడాయన.

తొందరగా తేల్చేస్తే మా పని చెడుతుంది. వైరు పీకి, మళ్లీ రెండోదానికే గుచ్చాను.

"ఆహా! ఎంత తేడా! ఇందులో గాలాడుతోందిరా!"

నవ్వాపుకోలేక దగ్గాం.

"పని ఆపుదామనేవాళ్లు చేతులెత్తండి," అంది పిన్ని. అందరం ఎత్తాం. సరిగ్గా అప్పుడే ఆయన కూడా "ఇదే! ఇదే!" అంటూ చెయ్యెత్తి, కళ్లు తెరిచాడు.

ఎదురుగా హాలంతా ఎత్తిన చేతులే.

"ఏంట్రా ఇదంతా?" అన్నాడు హెడ్‌ఫోన్లు తీసి.

"మీ మాటే మా మాటండీ," అంది పిన్ని, చెయ్యి దించకుండా.

ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావుట్రా, ఒక్కరు కూడా కాదనలేదు!"

"అవునండీ," అన్నాను. "రేపు పొద్దున్నుంచే అమలు."