మూడో అంకె

“అక్కా, ఆ మూడో అంకె మార్చెయ్యి. ఎవరికీ తెలీదు,” అన్నాడు మేనేజరు, తలుపు దగ్గరగా వేసి.

ఆ ల్యాబులో అందరికీ ఆమె అక్కే. పద్దెనిమిదేళ్లుగా ఆమె నడిపే మెషీను పేరు ముసలమ్మ. గ్రాము బొగ్గుపొడిలో కంటికి కనబడని రంధ్రాల లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే ఎన్ని చదరపు మీటర్లొస్తాయో లెక్కకట్టడం దాని పని. ఇప్పుడు దానికీ కొత్త మెషీనుకీ పోటీ. ఓడితే ముసలమ్మ తుక్కులోకి, అక్క ఇంటికి.

పరీక్ష పెట్టిన పెద్దాయన అక్కకీ, కొత్త మెషీను తెచ్చిన సేల్సాయనకీ ఎరుపు, తెలుపు, నలుపు మూతల సీసాలిచ్చాడు. “మూడు సీసాలు, మూడు అంకెలు. అంతే,” అని ఒక అంటించిన కవరు జేబులో పెట్టుకున్నాడు.

సేల్సాయన చకచకా కానిచ్చేశాడు. మూడో పొడిని ఇరవై నిమిషాలు వేడిచేసి చాల్లెమ్మన్నాడు. అక్క మాత్రం ప్రతి పొడినీ ఆరు గంటల చొప్పున వేడిచేసి, తేమంతా లాగేసి, మళ్లీ తూచింది. గాజుగొట్టాన్ని పొగలు కక్కే ద్రవ నైట్రోజన్‌లో ముంచి, లోపలికి వదిలిన వాయువు గోడలకి ఎంత అంటుకుందో ఓపిగ్గా చూసింది.

“సేల్సాయనవి 790, 640, 705. నీవి 812, 655, 811. ఎక్కడైనా మొదటిదీ మూడోదీ ఒకేలా వస్తాయా? ముసలమ్మ మొరాయించింది. ఓ వంద తగ్గించి రాయి, ఉద్యోగం దక్కుతుంది,” అన్నాడు మేనేజరు.

అక్కకి కాలేజీలో ఉన్న పిల్లలిద్దరూ కళ్లముందు మెదిలారు. అయినా పెన్ను ముట్టుకోలేదు.

“ముసలమ్మ నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు సార్. దాని పేరు చెప్పి నేనెలా ఆడతాను?”

కాగితం తీసుకెళ్లి పెద్దాయన చేతికే ఇచ్చింది.

పక్కనుంచి తొంగిచూసిన సేల్సాయన పగలబడి నవ్వాడు. “రెండింటికీ తేడా పట్టలేకపోయింది పాపం! మీ ముసలమ్మకి చత్వారం వచ్చినట్టుందండీ.”

అక్క తల దించుకోలేదు.

పెద్దాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. లేచి నిలబడి, అక్క వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు.

“అదేంటి సార్, ఓడినవాళ్లకి చప్పట్లా?” అన్నాడు సేల్సాయన.

పెద్దాయన జేబులోని కవరు చింపి, అందులోని చీటీ అతని చేతికిచ్చాడు.

“ఒకటో సీసాలోదీ మూడో సీసాలోదీ ఒకే పొడి.”