సలహాలు చెప్పే గాబు

బాతుపిల్లలకు ఈత నేర్పే బడి ఒకటి ఓ చెరువులో ఉండేది. దానికి పెద్ద పంతులమ్మ రంగనాయకి అనే బాతు. ఒకనాడు కాకి వచ్చి, గట్టు మీద దొర్లిపడి ఉన్న, నీళ్ళు నిలవచేసే పెద్ద ఖాళీ మట్టి గాబును చూపించింది.

“అమ్మగారూ, ఇది కొత్త యంత్రం. ఏమడిగినా ఇట్టే సలహా చెబుతుంది.”

రంగనాయకి గాబులోకి మెడ చాచి, “ఈసారి పిల్లల్ని మొదటిరోజే నడిచెరువులోకి దింపుదామా?” అని అడిగింది.

“దింపుదామా... దామా... దాం...” అంది గాబు.

“దింపుదాం అంటోంది!” అని ఆమె మురిసిపోయింది. చెరువులో చూస్తే కొత్త వాననీరు సుడులు తిరుగుతోంది. అయినా కప్ప పంతుళ్ళు ఎప్పటిలాగే, “అంతేనమ్మా, అంతేనమ్మా” అన్నారు.

తాబేలు మాస్టారికి ఒళ్ళు మండింది. గాబులోకి తల దూర్చి, “వద్దు!” అని అరిచారు.

“వద్దు... వద్దు...” అంది గాబు.

“చూశారా అమ్మగారూ? ఎవరి మాట వాళ్ళకే అప్పజెబుతోంది.”

రంగనాయకి కాసేపు తల నీళ్ళలో ముంచుకుంది. పైకి లేచి పకపకా నవ్వేసింది.

“ఆ పనికి మన కప్పలున్నారు కదయ్యా! దీన్ని నిలబెట్టి నీళ్ళు పోయండి. పిల్లలు ముందు ఇందులో ఈదుతారు.”

నీళ్ళు నిండాక గాబు నోరు మూతపడింది. పిల్లలు అందులో గిరగిరా తిరుగుతుంటే రంగనాయకి, “బాగుంది కదూ?” అంది.

“అంతేనమ్మా” అన్నారు కప్పలు.

“అంచుదాకా పోశారు, పిల్లలు బయటికి జారిపడతారు” అన్నారు తాబేలు మాస్టారు.

రంగనాయకి హాయిగా రెక్కలు దులుపుకుని, వెళ్ళి తాబేలు పక్కన కూర్చుంది.