నవ్వెవరిదండీ

శనివారం ఉదయం పదిన్నరకు రేడియోలో ఒక శ్రోత ఫోన్ మాట మధ్యలో తెగిపోయింది.

తెగలేదు. తెంపారు.

కార్యక్రమం పేరు ‘ప్లగ్గు పాయింటు’. బజారులోకి వచ్చిన కొత్త ఫోన్లు, మిషన్లు, వాటి వింతలు చెబుతారు. చివర్లో శ్రోతల మాట. నడిపేవాళ్లు ఇద్దరు. వాళ్లు చుట్టాలు కారు గానీ శ్రోతలకు ఆమె అక్క, అతను తమ్ముడు.

ఆ రోజు వార్త మాట్లాడే ఫ్రిజ్.

“అర్ధరాత్రి తలుపు తీస్తే ‘మళ్లీనా?’ అంటుందట అక్కా.”

“దానికి అంత డబ్బు పోయాలా?”

“అదే కదా. మా ఇంట్లో మా ఆవిడ అంటుంది. కరెంటు కూడా అక్కర్లేదు.”

నవ్వు మైకులో పడింది. తర్వాత ఫోన్ మోగింది.

“నమస్కారమండీ. చిన్న సందేహం.”

ఆ గొంతు వినగానే తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు.

“ఇందాక ఫ్రిజ్ దగ్గర ఆ నవ్వెవరిదండీ? అక్కగారిదా, తమ్ముడు...”

తమ్ముడు మీట నొక్కేశాడు. “లైను పోయినట్టుంది” అని శ్రోతలకు చెప్పాడు.

ఆయనకు వారం వారం ఏదో ఒక సందేహం ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరేమన్నారో తేలడం లేదంటాడు. మాటల వెనక ఆ వాయిద్యం ఎందుకంటాడు. టింగుమన్నది స్టూడియో ఫోనా, మీరు చెబుతున్న వాచీయా అంటాడు. అన్నిటికంటే ఎక్కువగా నవ్వు సంగతి అడుగుతాడు. తమ్ముడి నవ్వు సన్నం, అక్క నవ్వు బొంగురు. తెలియనివాళ్లు తారుమారు చేసుకుంటారు. స్టూడియోలో ఆయన పేరు ‘నవ్వెవరిదండీ బాబాయి’.

“కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం అక్కా” అన్నాడు తమ్ముడు, స్టూడియో బయటికి వచ్చాక.

స్టేషన్ మేనేజరు గుమ్మంలోనే ఉన్నాడు.

“ఆయన ఫోన్ రాగానే జనం స్టేషన్ మార్చేస్తారు. శ్రోతల నుంచి స్పందన లేదు. నెలాఖరు దాకా చూస్తాను. ఆ తర్వాత ఈ టైము పాటలకిచ్చేస్తాను.”

అక్క చేతిలో ఉన్నది ఈ ఒక్క కార్యక్రమమే. ఆమె తిన్నగా ఫోన్ ఆపరేటరు దగ్గరికి వెళ్లింది.

“ఆ బాబాయి నంబరు ఇక కలపకు.”

“ఏం చెప్పమంటారు?”

“బిజీ అని చెప్పు.”

మరుసటి శనివారం కార్యక్రమం రైలులా పోయింది. పాస్‌వర్డ్ అడిగే పళ్ల బ్రష్షు మీద తమ్ముడు జోకు వేస్తే అక్క పగలబడి నవ్వింది. నవ్వెవరిదని అడిగినవాళ్లు లేరు.

సోమవారం మెయిళ్లు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, నలభైకి పైగా. అక్క వాటి లెక్క చూసి సంబరపడింది. రెండు చదివేసరికి ఆ సంబరం తగ్గింది.

అన్నిటిలోనూ ఒకటే మాట. ‘రెండు వారాలుగా మీరు నవ్వడం లేదు. పోట్లాడుకున్నారా?’

మేనేజరు ఇద్దరినీ పిలిచాడు.

“ఇవి ఎవరు రాశారు?”

“శ్రోతలు సార్.”

“నా చెవిలో పువ్వు పెట్టకండి. మొన్న నీ నవ్వుకు నా కారులో స్పీకరు అదిరిందమ్మా. నవ్వడం లేదంటే వీళ్లు విననట్టేగా? మీరే రాయించారు.”

“రాయించుకునేవాళ్లం పొగిడించుకుంటాం గానీ సార్, తిట్టించుకుంటామా?” అన్నాడు తమ్ముడు.

“సాయంత్రంలోగా వీళ్లలో ఒక్క మనిషిని నాకు చూపించండి. లేకపోతే శనివారం నుంచి పాటలు.”

ఒక మెయిలు కింద బట్టలు కుట్టే షాపు చిరునామా ఉంది. అక్క ఆటో ఎక్కింది.

షాపు మేడ మీద. పొడవాటి గది. రెండు వరుసల్లో ఆడవాళ్లు మిషన్ల మీద కుడుతున్నారు.

“ఏమండీ” అంది అక్క. తల ఎత్తినవాళ్లు లేరు.

“నేను రేడియో నుంచి వచ్చానండీ!”

ఆమె నీడ పడ్డాక కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ చూసింది. చెవి చూపించి చేయి అడ్డంగా ఊపింది. తర్వాత గదినంతా చూపించి మళ్లీ చేయి ఊపింది. ఫోన్ తీసి, రాయమన్నట్టు అక్క చేతిలో పెట్టింది.

అక్క రాసింది: ‘నేను ప్లగ్గు పాయింటు అక్కని.’

పెద్దావిడ చదివి బల్ల మీద చరిచింది. బల్ల అదిరి పక్క మిషను ఆగింది, ఆ తర్వాత అన్నీ ఆగాయి. అందరూ అక్క చుట్టూ మూగారు. ఒకమ్మాయి ఫ్రిజ్ తలుపు తీసినట్టు నటించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని కళ్లురిమింది. తమ్ముడి భార్య అన్నమాట. అక్కకు నవ్వాగలేదు. వాళ్లు ఆమె మొహాన్నే చూస్తున్నారు.

‘మీకు ఇదంతా ఎలా తెలుస్తుంది?’ అని రాసింది అక్క.

పెద్దావిడ తన ఫోన్‌లో వేలితో జరుపుతూ చూపించింది. కార్యక్రమం మొత్తం ఉంది. ‘అక్క:’, ‘తమ్ముడు:’, ‘ఫోన్ టింగుమంది’, మళ్లీ ‘అక్క:’. పాత వారాల్లో మాటమాటకూ ‘అక్క నవ్వింది’, ‘తమ్ముడు సన్నగా నవ్వాడు’ అని ఉంది. చివరి రెండు వారాల్లో ఆ ముక్క ఎక్కడా లేదు.

‘ఎవరు టైపు చేస్తారు?’

పెద్దావిడ రాసింది: ‘మా ఆయన. మా ఇంట్లో వినిపించేది ఆయనొక్కడికే. టైపు చేసి మా అందరికీ పంపుతాడు. ఖాయంగా తెలియనిది రాయడు. అడుగుదామంటే మీ ఫోన్ బిజీ అంటున్నాడు.’

రాసి, కింద ఇంకో వరుస చేర్చింది.

‘ఫ్రిజ్ దగ్గర నవ్వింది మీరా, తమ్ముడా?’

అక్క ఫోన్ తీసుకుని ‘నేనే’ అని రాసింది.